పంక్తిభేదము లేని విందు



విందునకును చిత్రమునకును గల చుట్టరికము చాల పాతది. ఇటలీ దేశమునందలి వెనిస్ నగరమున సాన్ జార్జియో మజ్జోరె అను క్రైస్తవ మఠము కలదు. ఆ మఠవాసులు బారులు తీరి కూర్చుండి భోజనము చేయు శాలకు ఒక పెద్ద చిత్రము కావలసి వచ్చెను. 1562వ సంవత్సరమున ఆ పనిని వెరోనీజ్ అను చిత్రకారుని కప్పగించిరి. ఆయనకు ప్రతిఫలముగా 324 డ్యూకాటులును, పని జరిగినన్నాళ్లు భోజనమును, ఒక పీపా ద్రాక్షాసవమును ఇచ్చుట కొడంబడిక జరిగినది. మరుసటి సంవత్సరమున చిత్రము పూర్తియయ్యెను. దాని ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94 మీటర్లు. కానా అను ఊరిలో జరిగిన పెండ్లివిందు అందలి విషయము. విందు నడుమ ద్రాక్షాసవము అయిపోగా, అతిథిగా వచ్చిన యేసుక్రీస్తు నీటినే ద్రాక్షాసవముగ మార్చి పెండ్లివారి పరువు నిలిపిన కథ అది.

ఆ కథలో ఒక చిన్న విశేషమున్నది. విందు పెట్టువారు సామాన్యముగ మొదట మేలైన రసమును పోసి, అతిథులు తృప్తులైన పిమ్మట నాసిరకమును పోయుదురు. ఆ పెండ్లిలో మాత్రము కడపట వచ్చినదే మేలైనదిగ నుండుట చూచి వడ్డనల పెద్ద ఆశ్చర్యపడెనట. వడ్డించువాడు తనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటు లేదని తెలుగు సామెత. కానాలో వడ్డించినవాడు అందరివాడు. అందుచేత కడబంతివారికే మేలైనది దొరకినది. కళాప్రదర్శనశాలలు నేడు చేయుచున్న విందులను గూర్చి ఆలోచించునపుడు ఈ కడబంతి సంగతి మరువరాదు.

1797లో నెపోలియన్ సేనలు వెనిస్ నగరమును లోబరచుకొని, ఆ చిత్రమును గోడనుండి దింపి, ముక్కలుగ కోసి, పారిస్ నగరమునకు తరలించి, అచ్చట మరల అతికించినవి. 1815లో నెపోలియన్ పతనమైన తరువాత కూడ అది వెనిస్‌కు మరలి రాలేదు. దానికి బదులుగ లెబ్రన్ అను ఫ్రెంచి చిత్రకారుడు వ్రాసిన మరియొక విందు చిత్రమును పంపి సరిపెట్టిరి. నేడు వెరోనీజ్ చిత్రము లూవ్రు మ్యూజియములో మోనాలిసా చిత్రమునకు ఎదురుగ నున్నది. భోజనశాల గోడకై పుట్టిన చిత్రము ఒక మెతుకు కూడ రాలని మందిరమునకు చేరినది. తాకరాదు, తినరాదు, త్రాగరాదు అనునవి మ్యూజియములకు మొదటి సూత్రములైనవి. అట్టి మందిరములలోనికి అన్నము మరల ఎట్లు ప్రవేశించెనో తెలిసికొనుటకు వెనిస్ విడిచి లండనునకు పోవలెను.

1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమును అరువది లక్షలమంది దర్శించిరి. ఆ ప్రదర్శనములో ఫలహారములు, సోడానీరు అమ్మిరి గాని మద్యము నమ్మనీయలేదు. దానివలన మిగిలిన లాభముతో సౌత్ కెన్సింగ్టన్ అను ప్రాంతమున భూమి కొనబడెను. 1857 జూన్ నెలలో అచ్చట ఒక మ్యూజియము తెరువబడెను. అదియే నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము. దానికి తొలి అధ్యక్షుడు హెన్రీ కోల్ అను ప్రభుత్వోద్యోగి. ఫైళ్ల నడుమ జీవితము గడపిన మనుష్యుడు ఊహాశక్తి లేనివాడని తలంచువారికి ఈయన చరిత్ర మంచి సమాధానము.

పగలంతయు కర్మాగారములో పనిచేయు మనుష్యుడు మ్యూజియమును ఎప్పుడు చూడగలడు? ఈ ప్రశ్న కోల్‌ను వేధించినది. గ్యాసు దీపములు పెట్టించి, వారములో కొన్ని రాత్రులు మ్యూజియమును తెరచి యుంచెను. కొన్ని దినములలో ప్రవేశమునకు రుసుము లేకుండ చేసెను. సాయంకాలము సారాదుకాణమునకు పోవు కార్మికుడు భార్యాబిడ్డలతో కూడ మ్యూజియమునకు వచ్చినచో కుటుంబము బాగుపడునని ఆయన వాదము. అయితే ఆకలితో వచ్చినవానికి శిల్పమును చూపి ప్రయోజనమేమి? కావున అచ్చట ఫలహారశాల కూడ ఏర్పడినది. మ్యూజియములో సందర్శకులకై భోజనశాలను నెలకొల్పుటలో ప్రపంచమునకు దారి చూపినది ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు.

కొంతకాలమునకు ఆ తాత్కాలికపు ఫలహారశాల స్థానమున మూడు గదులు లేచినవి. నడిమి గది 1868లో తెరువబడెను. గాడ్‌ఫ్రే సైక్స్ చేసిన రూపకల్పనను, ఆయన మరణానంతరము జేమ్స్ గాంబుల్ పూర్తిచేసెను. స్తంభములు, గోడలు మెరుగుపెట్టిన పింగాణితో నిర్మింపబడినవి. ఇది కంటి కింపే కాక పనికి కూడ అనుకూలము. వంట జిడ్డు పడినను తుడిచిన పోవును. రెండవ గదిని విలియం మారిస్, ఆయన మిత్రులు ఆకుపచ్చ వన్నెలో తీర్చిరి. నాటికి మారిస్ ఇంకను పేరుపడని యువకుడే. మూడవ గది ఎడ్వర్డ్ పాయింటర్ రూపకల్పనము. దాని నీలి పలకలపై బొమ్మలు వ్రాసినవారు అచ్చటి కళాపాఠశాల విద్యార్థినులు. స్త్రీలకు జీతము వచ్చు కళావృత్తులు మిక్కిలి అరుదుగ నున్న ఆ రోజులలో ఇది చిన్న విషయము కాదు. ఆ గదిలోని ఇనుప పొయ్యిపై మాంసపు ముక్కలను అతిథుల కన్నుల యెదుటనే కాల్చి వడ్డించెడివారు.

ఇంతవరకు కథ ముచ్చటగ నున్నది. కాని 1867 నాటి వంటకముల పట్టికను చూచినచో మరియొక సంగతి బయటపడును. అచ్చట మొదటి తరగతి, రెండవ తరగతి అని వేరువేరు పట్టికలుండెడివి. మొదటి తరగతివారికి పులుసులో మగ్గబెట్టిన అడవి కుందేలు మాంసము. రెండవ తరగతివారికి సామాన్యమైన వంటకములు. మ్యూజియము కట్టడములో పనిచేయు కూలీలకు, బీద సందర్శకులకు మూడవ తరగతి ఏర్పాటు కూడ నుండెను. రైలుబండిలోని తరగతులు అన్నశాలకు కూడ వచ్చినవన్నమాట.

తెలుగునాట పంక్తిభేదమును మహాదోషముగ ఎంచుదురు. ఒక బంతిలో కూర్చున్నవారిలో ఒకనికి నేయి, మరియొకనికి నూనె వడ్డించిన గృహస్థునకు పుణ్యము లేకపోగా పాపము చుట్టుకొనునని పెద్దలు చెప్పుదురు. వారు చెప్పినంతగ ఆచరించిరా యన్నచో, ఏ బంతిలోను చోటీయక వాకిట నిలిపిన జనుల తలపు వచ్చి తల వంచుకొనవలసియే యుండును. ఆ వాకిటి భేదముతో పోల్చి చూచినచో హెన్రీ కోల్ చేసిన పని విలువ తెలియును. ఆయన వంటకములలో భేదము పెట్టెను గాని ద్వారమువద్ద భేదము పెట్టలేదు. మూడవ తరగతివాడు కూడ భోజనానంతరము మొదటి తరగతివాడు చూచిన శిల్పమునే చూచెను.

ఆ మూడు గదులు చాలకాలము ఇతరములైన పనులకు ఉపయోగపడి, 2006లో తిరిగి ఫలహారశాలలైనవి. ఈలోగా 1988లో ఆ మ్యూజియము ఒక విచిత్రమైన ప్రకటన చేసినది. తమది మంచి కాఫీ హోటలనియు, దానికి తోడుగ ఒక మ్యూజియము కూడ కలదనియు అర్థము వచ్చునట్లుగ గోడపత్రికలు వేసిరి. పరిహాసమునకే వ్రాసినను పెద్దలనేకులు నొచ్చుకొనిరి. అన్నము కళను చూపుటకు సాధనమా, లేక కళయే అన్నము అమ్ముటకు సాధనమా యను ప్రశ్న నాడు బహిరంగముగ లేచినది.

ఆ ప్రశ్నకు అమెరికాలో మరియొక రూపము వచ్చినది. అచ్చటి మ్యూజియములు పెక్కు ప్రభుత్వపు బడ్జెట్టుపై నిలచినవి కావు. దాతల విరాళములు, మూలధనముపై వచ్చు ఆదాయము, సందర్శకుల రుసుము, ఇవియే వాటికి ముఖ్యాధారములు. కావున దాతలను పిలిచి విందు చేసి, చందా స్వీకరించు పద్ధతి ప్రబలినది. న్యూయార్కు నగరమునందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున దుస్తుల విభాగమునకై 1948లో ఇట్టి విందు మొదలయ్యెను. అది నాడు అర్ధరాత్రి భోజనము. టిక్కెట్టు వెల 50 డాలర్లు. స్థలము మ్యూజియము కాదు, నగరములోని హోటలు వంటి చోట్లు. తరువాత విందు మ్యూజియములోనికే వచ్చినది. 2024 నాటికి ఒక్కరి టిక్కెట్టు వెల 75,000 డాలర్లు. 2025లో ఆ ఒక్క రాత్రివలన 3 కోట్ల 10 లక్షల డాలర్లు చేరినవి.

ఆట్లాంటా నగరమున హై మ్యూజియము అను కళాప్రదర్శనశాల కలదు. అది 1993లో ద్రాక్షాసవముల వేలము నొకదానిని ప్రారంభించినది. ఇట్టి వేలముల పద్ధతి తెలియనివారికి రెండు మాటలు చెప్పవలెను. ద్రాక్షతోటల యజమానులు, పాత సీసాలను సేకరించువారు తమ నేలమాళిగలనుండి మేలైన సీసాలను ఉచితముగ ఇత్తురు. పేరుపొందిన వంటవారు భోజనము సిద్ధపరతురు. భోజనసమయమున సీసాలను వేలము వేయుదురు. పాడుకొనువాడు బజారు వెలకు మించి చెల్లించుటకు సిద్ధపడియే వచ్చును. అధికముగ ఇచ్చినది మ్యూజియమునకు దానమని అతనికి తెలియును. అట్లు వచ్చిన ధనము ప్రదర్శనములకు, పిల్లల కళావిద్యకు వినియోగపడును. దేవాలయములలో స్వామివారి ప్రసాదమును, పట్టుచీరను వేలము పాడు వాడుక నెరిగినవారికి ఈ మనస్తత్వము కొత్తది కాదు. లడ్డు విలువ వేరు, పాడిన మొత్తము వేరు.

ఇట్టి విందు జరుగు రాత్రి మ్యూజియములో ఎంత జాగ్రత్త అవసరమో సామాన్యుడు ఊహింపలేడు. సందర్శకులు వెడలిన తరువాత గడువు కొన్ని గంటలే. బల్లలను శిల్పములకు తగినంత ఎడముగ వేయవలెను. బహిరంగముగ మంట పనికిరాదు; కావున కొవ్వొత్తుల స్థానమున విద్యుద్దీపములు వచ్చును. పూలగుత్తులను కూడ పరీక్షింపవలెను. పూలతో పురుగు లోనికి వచ్చినచో అది పట్టుబట్టను, కాగితమును, కొయ్యను విడువదు. రొట్టె పొడి రాలినచోట బొద్దింక చేరును. వందలమంది ఊపిరివలన గాలిలో తేమ పెరుగును. తేమ హెచ్చుతగ్గులకు పాతకొయ్యపై వ్రాసిన చిత్రములు బీటలు వారును. అన్నిటికంటె భయమైనది ఎఱ్ఱని ద్రాక్షాసవము. ద్రాక్షతొక్కలోని రంగు రాతి రంధ్రములలోనికి, నేతలోనికి ఇంకినచో తీయుట కష్టము. అందుచే అనేక మ్యూజియములలో ప్రదర్శనశాలలందు తెల్లని ద్రాక్షాసవమునే పోయుదురు. ఎంత గొప్ప దాత యైనను గ్లాసుతో చిత్రమును సమీపింపరాదు. అర్ధరాత్రి అతిథులు పోయిన తరువాత ఊడ్చి, తుడిచి, లెక్క చూచి, తెల్లవారి బడిపిల్లలు వచ్చువేళకు యథాస్థితికి తేవలెను. ఆ ఊడ్చినవారి పేర్లు ఏ పత్రికలోను పడవు.

ఈ విందులు మంచివా, చెడ్డవా? రెండు వైపుల మాటలును వినదగియున్నవి. సమర్థించువారు చెప్పునది యిది: పాతబట్టను చీకకుండ కాపాడుటకు ధనము కావలెను, ధనికుడు ఒక రాత్రి భోజనమునకు ఇచ్చిన సొమ్ముతో ఏడాది పొడవున పేదపిల్లలకు పాఠములు చెప్పవచ్చును. ఆక్షేపించువారి మాట వేరు. మ్యూజియములోని వస్తువులు లోకమునందరి సొత్తు. రాత్రివేళ వాటిని కొందరి విందునకు అలంకారము చేయుట న్యాయమా యని వారి ప్రశ్న.

మెట్రోపాలిటన్ మ్యూజియములో ఈ విందులకు పేరుపడిన చోటు డెండూర్ దేవాలయపు శాల. ఆ దేవాలయము ఈజిప్టుదేశపు నూబియాలో నైలునది ఒడ్డున సుమారు రెండువేల యేండ్ల క్రిందట కట్టబడినది. ఆస్వాన్ ఆనకట్టవలన మునిగిపోవలసినదానిని రాయిరాయిగ విప్పి రక్షించిరి. ఈజిప్టు ప్రభుత్వము 1965లో దానిని అమెరికాకు బహూకరించినది. నాగార్జునసాగరము నీటిలో మునుగనున్న నాగార్జునకొండ కట్టడములను కొండపైకి తరలించిన కాలమును ఎరిగిన ఆంధ్రులకు ఆ శ్రమ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. 1978లో ఆ దేవాలయమును నిలిపిన భవనభాగమునకు సాక్లర్ అను దాతల కుటుంబము పేరు పెట్టిరి. ఆ కుటుంబములోని కొందరి యాజమాన్యమున నడచిన కంపెనీ అమ్మిన నొప్పినివారణ మందువలన అసంఖ్యాకులు వ్యసనపరులైరని ప్రజలు ఆందోళన చేసిరి. 2018లో ఆ దేవాలయము ముందరి నీటికొలనులోనే మందుసీసాలు విసరి నిరసన తెలిపిరి. 2021 డిసెంబరులో ఆ పేరు తొలగింపబడెను. దానమిచ్చు చేయి ఎట్టిదో చూడకుండ పట్టిన పాత్ర, కొంతకాలమునకు పట్టినవానినే ప్రశ్నించునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

మరియొక ఉదంతము చిత్రకారుడు మార్క్ రోత్కోది. 1958లో న్యూయార్కునందు మిక్కిలి ఖరీదైన ఒక భోజనశాల గోడలకై చిత్రములు వ్రాయుట కాయన ఒప్పుకొనెను. ముదురు ఎఱుపు, గోధుమ, నలుపు రంగులతో గంభీరములైన పెద్ద చిత్రములను వ్రాసెను. 1959లో ఆ భోజనశాల తెరచిన పిమ్మట భార్యతో కలిసి అచ్చట భోజనమునకు పోయెను. ఆ చోట కూర్చుండి తినువారు తన చిత్రములను చూచువారు కారని తోచి, పుచ్చుకొన్న పైకమును తిరిగి ఇచ్చివేసెను. వానిలో తొమ్మిదింటిని లండనులోని టేట్ మ్యూజియమునకు దానము చేసెను. అవి 1970 ఫిబ్రవరి 25న లండను చేరినవి. రోత్కో మరణించినదియు ఆ దినముననే. ధనికుల పళ్లెముల నడుమ నుండవలసిన చిత్రములు నేడు ప్రవేశరుసుము లేని మందిరములో దారినపోవు బాటసారికి కూడ దర్శనమిచ్చుచున్నవి.

ఇక తిరిగి సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమునకు వచ్చినచో, అచ్చట ఒక పానపాత్ర కలదు. తెల్లని జేడ్ రాతితో చెక్కిన ఆ పాత్ర షాజహాను చక్రవర్తి ద్రాక్షాసవము త్రాగుటకై 1657లో తయారైనది. అడుగున విచ్చిన తామర. అంచు మేకతలగ వంగినది. రాయి యైనను వెలుతురునకు పట్టినచో లోపలి వెలుగు బయటికి కనిపించునంత పలుచన. మరుసటి సంవత్సరమే ఔరంగజేబు తండ్రిని చెరలో పెట్టెను. 1666లో ఆగ్రా కోటలోనే షాజహాను కన్నుమూసెను. పాత్ర చేతులు మారి మారి 1962లో మ్యూజియమునకు చేరినది. ఒక్క చక్రవర్తి పెదవికై చేసిన పాత్రను 2001 సంవత్సరాంతము నుండి ఎవరైనను రుసుము లేకుండ చూడవచ్చును. అందులో ఎవరును ఒక చుక్క త్రాగజాలరు. కాని ఆ పాత్రవలన చక్రవర్తి ఒక్కడు పొందిన సంతోషమును నేడు లక్షలమంది పంచుకొనుచున్నారు.

ఇట్టి మార్పు హైదరాబాదునందు కూడ జరిగినది. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో వారసులు లేక మరణించెను. ఆయన దివాన్ దేవిడీలోని పింగాణి పళ్లెములు, గాజుపాత్రలు, జేడ్ వస్తువులు, శిల్పములు ప్రజలు చూచుటకై 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు చట్టమువలన అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యైనది. 1968లో మూసీనది ఒడ్డునందలి నూతనభవనమునకు మారినది. నవాబుల బల్లలపై నుండదగిన పళ్లెములను పల్లెనుండి అన్నపుమూటతో వచ్చిన రైతు కుటుంబము కూడ చూచుచున్నది. ఆ కుటుంబము తన మూట విప్పుకొనుటకు నీడ, మంచినీరు, కూర్చుండుటకు చోటు చూపుట కూడ మ్యూజియము చేయదగిన విందే.

అందుచే ధనికుల విందులను ఒక్కమాటలో నిందింపనక్కరలేదు, పొగడనక్కరలేదు. ద్రాక్షాసవము త్రాగుట, త్రాగకుండుట వారివారి ఆచారము, నియమము. మ్యూజియమును అడుగవలసినది ఒక్కటే. రాత్రి బంతిలో వచ్చిన ధనము తెల్లవారి ద్వారమును ఇంకను విశాలముగ తెరచుటకు ఉపయోగపడినదా? లేక రాత్రి బంతివారికి మెప్పుకలిగించుటకై పగటివారి రుసుము హెచ్చి, ద్వారము ఇరుకైనదా? మొదటిది జరిగినచో ఆ విందు అన్నదానము. రెండవది జరిగినచో పంక్తిభేదము.

ప్రభుత్వోద్యోగులకు ఈ ప్రశ్న దూరపుది కాదు. ప్రజల సొత్తును కాపాడుట, దానిని ప్రజలకే అందజేయుట వారి నిత్యకృత్యము. వడ్డించుగరిటె చేతనున్నవానికి మొదటి బంతిపై చూపు నిలచుట సహజము. కడబంతివరకు పాత్రలో మిగులునట్లు వడ్డించుటలోనే నేర్పున్నది. కానా పెండ్లిలో మేలైన రసము కడపటివారికే దక్కినది. ఆ పెండ్లి చిత్రమును వ్రాసిన వెరోనీజ్‌కు ఒక పీపా ద్రాక్షాసవము ముట్టినది. అది ఎన్నడో ఖర్చయిపోయినది. ఆయన వ్రాసిన విందు మాత్రము నాలుగువందల అరువది యేండ్లు దాటినను తరుగక కడబంతికై ఎదురుచూచుచునే యున్నది.